గంట లోపలి పేర్లు

మౌంట్ హాల్కాట్ అనే అమెరికా యుద్ధనౌక మీద ఫిరంగులు లేవనే చెప్పాలి. ఉన్న ఒకటి రెండూ మర్యాద కోసం ఉన్నట్టుండేవి. పైడెక్కు చదునుగా, పొడుగ్గా, కోతలైన చేనులా ఉండేది. చేలో మిగిలిన కొయ్యకాళ్ళలా దాని నిండా యాంటెనాలు. సముద్రం మీంచి సైన్యాన్ని ఒడ్డుకు దించే వేళ ఏ ఓడ ఎక్కడ ఆగాలి, ఏ పడవ ముందు కదలాలి, ఏ విమానం వెనక్కి తిరగాలి అని చెప్పడం ఆ ఓడ పని. చెప్పడమే దాని పని. అందుకని శాన్ డియేగో రేవులో పక్క ఓడలవాళ్ళు దాన్ని వాగుడుకాయ అనేవారు.

ఆ మాటకి ఓడ మీద అందరూ ఉడుక్కునేవారు, ఎపిఫానియో బుగారిన్ తప్ప.

"మీ ఓడ కాలుస్తుంది. ఎప్పుడు కాల్చాలో మా ఓడ చెబుతుంది. మా ఓడకి ఎప్పుడు ఆకలెయ్యాలో నేను చెబుతాను. ఇప్పుడు చెప్పండి, ఎవరు పెద్ద?" అనేవాడు.

అతను వంటవాడు.

ఫిలిప్పీన్స్‌లో జంబాలెస్ తీరాన చేపలు ఎండబెట్టుకుని బతికే ఇంట్లో పుట్టాడు. ఊరికి కాస్త దూరంలో అమెరికావాళ్ళ నౌకాస్థావరం. మీసాలు సరిగా రాని వయసులో వెళ్ళి వరసలో నిలబడ్డాడు. ఆ రోజుల్లో ఫిలిప్పీన్స్ కుర్రాళ్ళని నౌకాదళంలోకి ఒక్క పనికే తీసుకునేవారు. తెల్ల కోటు వేసుకుని ఆఫీసర్ల బల్ల దగ్గర వడ్డించాలి, పక్కలు సర్దాలి, బూట్లు మెరిపించాలి. ఎపిఫానియో వడ్డిస్తూ వంటలోకి వెళ్ళాడు. వంటలోకి వెళ్ళాక బయటికి రాలేదు. కొన్నేళ్ళకి ఆ నియమం పోయింది. అతనితో వచ్చినవాళ్ళు రేడియో గదికీ, ఇంజిన్ గదికీ మారిపోయారు. నువ్వూ రారా అని పిలిచారు.

"నేను వంట మానేస్తే నష్టం ఓడకి, నాకు కాదు" అన్నాడు. అక్కడే ఉండిపోయాడు.

కొత్త ఓడ కావడంతో హాల్కాట్ మీద అన్నీ కొత్తగానే ఉండేవి, అలవాట్లు తప్ప. అవి పాతవి. ఓడ గంటని తోమే పని వంటవాడిది. ఎందుకని అడిగితే ఎవరూ చెప్పలేరు. ఎపిఫానియో అడగలేదు. పొద్దున్నే రొట్టె పొయ్యిలో పెట్టి, గుడ్డా పాలిషూ పట్టుకుని పైకి వెళ్ళేవాడు. గంట పెద్దది, కంచుది. బయట తోమేవాడు. తర్వాత తల వంచి చెయ్యి లోపలికి పెట్టి, లోపలా తోమేవాడు.

"లోపల ఎవడు చూస్తాడోయ్?" అని అడిగాడొక నావికుడు.

"బయట మెరుస్తూ లోపల నల్లగా ఉంటే అది గంట కాదు, ఒక అడ్మిరల్."

ఆ మాట ఓడంతా తిరిగింది. అడ్మిరల్ దాకా వెళ్ళిందని కూడా అంటారు. ఆ తర్వాత వంటగదిలోకి వచ్చిన ప్రతి కొత్తవాడికీ ఎపిఫానియో నేర్పిన మొదటి పని అదే. బయట ఎంతో లోపల అంతే.

రెండో అలవాటు ఇంకా పాతది. ఓడ మీద పనిచేసేవాళ్ళకి బిడ్డ పుడితే ఆ గంటని దింపి, తలకిందులు చేసి, నీళ్ళు పోసి, అందులోనే బాప్తిస్మం ఇస్తారు. బిడ్డ పేరు గంట లోపలి వైపు చెక్కుతారు. ఓడ ఉన్నన్నాళ్ళూ పేరుంటుంది. మొదట్లో అన్నీ ఆఫీసర్ల పిల్లల పేర్లే. కేకు ఎపిఫానియో చేసేవాడు. కేకు మీద పేరు కూడా అతనే రాసేవాడు. సిస్టర్ల బడిలో నేర్చిన దస్తూరీ. కాగితపు గొట్టంలో పంచదార పాకం పోసి పిండుతూ, ఎక్కడా తెగకుండా, ఒక్క ఊపులో రాసేవాడు. గంటలో చెక్కే మనిషి కేకు చూసి వెళ్ళి చెక్కేవాడని చెప్పుకునేవారు.

తర్వాత, వియత్నాం యుద్ధం ముగిసి సైగాన్ పడిపోయిన ఏప్రిల్ వచ్చింది. హాల్కాట్ ఆ సముద్రంలోనే ఉంది. మిగతా ఓడలకి దారులు చెబుతూ, తనే దారి తెలీనట్టు జనంతో నిండిపోయింది. హెలికాప్టర్లు ఒకదాని మీద ఒకటి వచ్చాయి. మనుషులు దిగగానే, వెనకాలవి దిగడానికి చోటు లేక, ఖాళీ హెలికాప్టర్లని నలుగురూ పట్టి సముద్రంలోకి తోసేశారు. డెక్కు మీద ముసలివాళ్ళు, పిల్లలు, మూటలు. వాళ్ళకి శాండ్‌విచ్‌లు పంచమని ఉత్తర్వు వచ్చింది.

"ఆ చల్లటి రొట్టె వాళ్ళ గొంతు దిగదు సార్" అన్నాడు ఎపిఫానియో.

"నీకెలా తెలుసు?"

"నా గొంతు కూడా అటువైపుదే."

అడ్మిరల్ కోసం దాచిన కోళ్ళతో సహా అన్నీ తీసి, అల్లం వేసి, పెద్ద దేగిసాల్లో బియ్యపు గంజి కాచాడు. ఆ రోజుల్లోనే ఓడ ఆసుపత్రి గదిలో ఒకామె బిడ్డని కంది. కేథలిక్కులు. ఫాదర్ గంట దింపించి బాప్తిస్మం ఇచ్చాడు. ఆ పిల్లకి మాత్రం కేకు లేదు. ఓడలో గుడ్డు మిగల్లేదు. ఎపిఫానియో ఒక గిన్నెడు గంజి తల్లికి స్వయంగా తీసుకెళ్ళి ఇచ్చి వచ్చాడు. ఆ పేరు అతను రాయలేదు.

మరుసటి ఏడు అతనికే ఆడపిల్ల పుట్టింది. పెర్లా.

గంట ఆఫీసర్లదని ఎక్కడా రాసి లేదు. అయినా అందరికీ తెలుసు. ఎపిఫానియో అనుమతి అడగలేదు. ఓడలో రెండో పెద్ద అయిన కమాండర్‌కి కాఫీ పోస్తూ అన్నాడు: "నిన్నటి చేప ఎలా ఉంది సార్?"

"అద్భుతం."

"ఆదివారం మా అమ్మాయి బాప్తిస్మం. మళ్ళీ అదే చేప. మీరూ రావాలి. ఎక్కువ దూరం కాదు, మన గంట దగ్గరే."

కమాండర్ కప్పు దించాడు. చాలాసేపు అతని మొహం చూశాడు. ఆ మొహంలో బెదురు వెతికి ఉంటాడు. దొరికి ఉండదు.

"ఎన్నింటికి?" అన్నాడు.

పెర్లా బుగారిన్. ఆ గంటలోకి ఎక్కిన మొదటి వంటింటి పేరు అది.

తర్వాత ఓడ జపాన్‌కి కాపురం వెళ్ళింది. భార్య రెమెడియోస్, పెర్లా కూడా కొన్నేళ్ళు అక్కడే ఉన్నారు. పసిదాన్ని ఒకసారి ఎత్తుకుని గంట కిందికి తీసుకెళ్ళి, పేరు మీద వేలు పెట్టించాడు. ఓడ తన పని తాను చేసుకుంటూ పోయింది. దక్షిణ చైనా సముద్రంలో పడవల మీద కొట్టుకొస్తున్న మనుషుల్ని ఎక్కించుకుంది. గల్ఫ్ యుద్ధంలో నెలల తరబడి ఎండలో నిలబడి అందరికీ ఆజ్ఞలు చెప్పింది. పినాటుబో అగ్నిపర్వతం బద్దలైనప్పుడు అతని సొంత జిల్లా బూడిద అతని ఓడ మీదే పడింది. డెక్కు మీద బూడిద ఊడ్చే పనిలో అందరూ ఉంటే ఎపిఫానియో గంట తోమాడు. అదే అతని ఆఖరి ఏడు. చీఫ్ హోదాలో దిగిపోతూ గంట లోపల చెయ్యి పెట్టి చూశాడు. పేర్లు వేలికి నున్నగా తగిలాయి. మంచిదే అనుకున్నాడు. అతని తర్వాత ఆ గంటలో కొత్త పేరు ఏదీ ఎక్కలేదు.

శాన్ డియేగో పక్కనే ఉన్న నేషనల్ సిటీలో బేకరీ పెట్టుకున్నాడు. గోడ మీద ఓడ ఫొటో. రొట్టె కొనడానికి వచ్చినవాళ్ళు గంట కథ వినకుండా బయటపడలేదు. పెర్లా ఆ కథ వింటూ పెరిగింది. బడిలో ఎవరో "మీ నాన్న అమెరికావాళ్ళకి పళ్ళేలు కడిగాడటగా" అంటే, "నా పేరు యుద్ధనౌక మీద చెక్కి ఉంది, నీ పేరు ఎక్కడుంది?" అని అడిగి వచ్చింది. పెద్దయ్యాక తనూ నౌకాదళంలో చేరింది. లోహం కోయడం, అతకడం, చెక్కడం ఆమె విద్య. ఇప్పుడు శాన్ డియేగో స్థావరంలోనే, ఓడల మరమ్మతు షెడ్డులో పని. ఆలస్యంగా ఒక ఆడపిల్ల పుట్టింది. ఆమిహాన్ అని పేరనుకున్నారు.

పిల్లకి ఇంకా పళ్ళు రాకముందే కబురొచ్చింది. హాల్కాట్‌ని సేవలోంచి తప్పిస్తున్నారు. ఆ తంతు కోసం జపాన్ నుంచి సొంత రేవుకి తీసుకొస్తున్నారు. శుక్రవారం జెండా దింపుతారు. ఆ సాయంత్రమే గంటని పెట్టెలో పెట్టి వాషింగ్టన్‌లోని నౌకాదళ మ్యూజియానికి పంపుతారు. పెట్టెలోకి వెళ్ళాక దాని మీద సూదితో గీత గీయడానికి కూడా ఎవరికీ హక్కుండదు.

ముందురోజు గురువారం పొద్దునకి ఆమిహాన్ బాప్తిస్మం ఖాయం చేయించాడు ఎపిఫానియో. ఓడ మీద అదే ఆఖరుది. చర్చిలో, బేకరీలో, మంగలి కొట్లో అందరికీ ఒకటే చెప్పాడు. "తల్లి పేరు కింద పిల్ల పేరు. ఒకే గంటలో. ఏ అడ్మిరల్ ఇంట్లో ఉందో చెప్పండి చూద్దాం!"

బుధవారం మధ్యాహ్నం, పేరు ఎక్కడ చెక్కాలో చూసుకోవడానికి కుటుంబమంతా ఓడ ఎక్కారు. ఎపిఫానియో చీఫ్ టోపీ పెట్టుకున్నాడు. రెమెడియోస్ మెట్ల మీద ఆయాసపడుతూ, "ఏమయ్యా, ఈ ఓడ ముసలిదైంది గానీ మెట్లు మాత్రం తగ్గలేదు" అంది. పెర్లా చంకలో పిల్ల, భుజాన పనిముట్ల సంచి.

గంట దగ్గర ఓడ ప్రస్తుత వంటపెద్ద డెల్ఫీన్ తైమాంగ్లో ఎదురొచ్చింది. గ్వామ్ దీవి మనిషి, దిట్టంగా ఉంటుంది.

"మీరేనా చీఫ్ బుగారిన్? నాకు పని నేర్పినాయనకి మీ శిష్యుడు నేర్పాడట. ఆ లెక్కన నేను మీ మునిమనవరాలిని."

"అయితే పరీక్ష. లోపల కూడా తోముతున్నావా?"

"రోజూ! తుఫానులో కూడా. బయట ఎంతో లోపల అంతే. మీ తర్వాత ఒక్క రోజు తప్పలేదు చీఫ్, నా వంటింటి మీద ఒట్టు."

ఎపిఫానియో భార్య వైపు తిరిగాడు. "విన్నావా?"

"ఇంట్లో పెనం ఒక్కనాడు తోమలేదు గానీ" అంది రెమెడియోస్.

ఇద్దరు నావికులు గంటని దింపి, లోపలి నాలుకని విప్పి పక్కన పెట్టి, గంటని చెక్క పీట మీద తలకిందులుగా నిలబెట్టారు. మధ్యాహ్నపు ఎండ అందులో పడి పొంగింది.

"రావే" అన్నాడు ఎపిఫానియో కూతురితో. "ఎడం పక్కన, అంచుకి నాలుగు వేళ్ళ కింద. చూడు."

పెర్లా పిల్లని తల్లికిచ్చి వంగింది. చాలాసేపు వంగే ఉంది.

"కనిపించిందా?"

"కనిపిస్తోంది నాన్నా."

"ఏముంది?"

"నా మొహం."

అతను నవ్వి, ఆమెని పక్కకి జరిపి తనూ చూశాడు. లోపల అతని మొహం, టోపీతో సహా ఉంది. ఇంకేం లేదు. అంచు నుంచి అడుగు దాకా అద్దం. చెయ్యి పెట్టి తడిమాడు. చుట్టూ తడిమాడు. కంచు పట్టులా జారింది.

డెల్ఫీన్‌కి ముందు అర్థమైంది. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అయ్యో చీఫ్. నేను చెరిపేశానా?"

"నువ్వు కాదు" అన్నాడు ఎపిఫానియో. "నేనే. నీ చేత్తో."

ఏ ఓడ మీదా గంట లోపల ఎవరూ తోమరు. అది అతనికి ఇప్పుడు గుర్తొచ్చింది. ఇన్నాళ్ళూ అది వాళ్ళ బద్ధకం అనుకున్నాడు.

పెర్లా సంచిలోంచి టార్చి తీసింది. కోపం వస్తే ఆమె చేతులకి పని కావాలి. లైటు లోపలికి వేసి, అంగుళం అంగుళం తిప్పింది. గంట అడుగున, అంటే నిలబెడితే నడినెత్తిన, నాలుక వేలాడే కొక్కెం చుట్టూ ఒక నల్లటి వలయం ఉంది. మెరవనిది అదొక్కటే.

"ఇక్కడేదో ఉంది."

అందరూ తలలు దూర్చారు. నలుపులో చిన్న అక్షరాలు. ఆన్నా లాయ్ థి ఖ్వే. కింద ఏప్రిల్, సంవత్సరం.

"గంజి పిల్ల" అన్నాడు ఎపిఫానియో మెల్లగా. మిగతా పిల్లల వరసలో పెట్టడానికి ఎవరికైనా మనసొప్పలేదో, ఆ హడావిడిలో ఎక్కడ తోస్తే అక్కడ చెక్కారో, పేరు అంత పైన పడింది. "ఇక్కడెందుకు తోమలేదు?"

డెల్ఫీన్ తల దించుకుంది. "చెయ్యి పట్టదు చీఫ్. నాలుక అడ్డం. ఎలాగూ మీరొచ్చి చూడరు కదా అని..."

"దేవుడు నీకు మేలు చెయ్యాలి" అన్నాడు.

కెప్టెన్ ఆస్ట్రాండర్ వచ్చింది. సన్నటి మనిషి, ఓడని అప్పగించే పనుల్లో సరిగా నిద్ర లేని కళ్ళు. సంగతి విని, గంటలోకి చూసి, నిట్టూర్చింది.

"రేపు చిన్నదాని పేరు చెక్కుకోండి. మీ అమ్మాయి పేరు కూడా మళ్ళీ చెక్కుకోండి, కన్నవాళ్ళు మీరే సాక్షులు. మిగతావాటికి నేనేం చెయ్యలేను. ఊహించి రాయించలేను."

పెర్లా అప్పుడే చెక్కే ఉలి తీస్తోంది.

"ఆగు" అన్నాడు ఎపిఫానియో. "వద్దు కెప్టెన్. మా ఇంటి పిల్లల పేర్లు మాత్రమే వద్దు. అన్నీ చెక్కాలి. లేకపోతే ఏదీ వద్దు, ఆమిహాన్‌ది కూడా."

"నాన్నా!"

"అందరి పిల్లల్నీ తుడిచేసి, నా పిల్లని మాత్రం మళ్ళీ రాసుకోనా? ఆ గంట మీద నీ బిడ్డని ఏ చేత్తో పట్టుకోను?"

"చిన్నప్పటి నుంచీ ఆ పేరు చెప్పి పెంచావు. బడిలో ఆ పేరు పట్టుకుని కొట్లాడాను. ఇప్పుడు నీ పంతానికి దాన్ని సముద్రంలో పడేస్తావా?"

"పడెయ్యను. అన్నీ తెస్తాను."

"ఎక్కణ్ణించి?"

ఎపిఫానియో తన నుదురు తట్టి చూపించాడు. కెప్టెన్ గడియారం చూసుకుని, రేపు నీళ్ళు పోసేలోగా అయితేనే అని చెప్పి వెళ్ళింది.

డెక్కు మీద కూర్చుని మొదలుపెట్టాడు. మూడు పేర్లు గబగబా వచ్చాయి. నాలుగోది నాలుక మీదికి వచ్చి ఆగింది. తర్వాత ఏదీ రాలేదు. తండ్రుల మొహాలు వస్తున్నాయి, వాళ్ళ హోదాలు వస్తున్నాయి, ఎవరికి ఉల్లిపాయ పడదో వస్తోంది. పిల్లల పేర్లు మాత్రం రావడం లేదు. రెమెడియోస్ పిల్లని జోకొడుతూ చూసింది. అతని కుడిచెయ్యి మోకాలి మీద ఊరికే కదులుతోంది, ఏదో పిండుతున్నట్టు.

"ఏమయ్యా, నువ్వెప్పుడైనా నోటితో ఏదైనా గుర్తుపెట్టుకున్నావా? మన పెళ్ళిరోజే గుర్తుండదు. లేచి వంటింట్లోకి నడు."

వంటగది మారిపోయింది. పొయ్యిలు కొత్తవి. కానీ వాసన అదే. ఎపిఫానియో కోటు విప్పి చేతులు కడుక్కున్నాడు.

"పంచదార పొడి, గుడ్ల తెల్లసొన, గట్టి కాగితం" అన్నాడు. డెల్ఫీన్ పరిగెత్తింది. కాగితం గొట్టంలా చుట్టాడు. రొట్టెలు కాల్చే నల్లటి రేకు పళ్ళేలు బోర్లించమన్నాడు.

గొట్టం చేతిలోకి వచ్చాక వెన్ను నిటారైంది.

"మొదటి కేకు. చాక్లెట్. వాన పడింది, డెక్కు మీద కుదరక కిందికి తెచ్చారు. తెల్ల రాత." మణికట్టు కదిలింది. నల్ల రేకు మీద తెల్లగా, తెగకుండా, జూడిత్ ఆన్ వెస్లర్ వచ్చింది. "చూశావా? ఇది నోట్లో లేదు, ఇక్కడుంది."

"రెండోది?"

"లెఫ్టినెంట్ పెళ్ళానికి కొబ్బరి పడదు. అందుకని నిమ్మకాయ కేకు. దాని మీద నీలం రాత. పెద్ద టీ అక్షరం, తోక చుట్టి..." థియొడోర్ వచ్చాడు. వెనకాలే అతని ఇంటిపేరు వచ్చింది.

"ఇది కవలలు. ఒక్క కేకు మీద రెండు పేర్లు పట్టక చిన్నదాన్ని పక్క నుంచి రాశాను. వాళ్ళమ్మ అలిగింది."

"మరి ఇది?" అంది డెల్ఫీన్, అతని చెయ్యి గాలిలో ఆగిపోతే.

"ఇది ఓడ ఊగి నేలపాలైంది. కేకు లేదు. మరి దేని మీద రాశాను?" కళ్ళు మూసుకున్నాడు. "రొట్టె మీద! నిన్నటి రొట్టె మీద పాకం పూసి రాశాను. ఆ కమాండర్ తిని, ఇంత మంచి కేకు ఎప్పుడూ తినలేదన్నాడు." రొట్టె గుర్తుకు రాగానే పేరు దానంతటదే జారింది.

పళ్ళెం నిండితే ఇంకో పళ్ళెం. సాయంత్రం వంటకి వచ్చిన కుక్కులు అడ్డం తొలగి గోడకి ఆనుకుని నిలబడ్డారు. ఆ పూట ఓడకి భోజనం ఆలస్యమైంది. ఎవరూ అడగలేదు.

పెర్లా ఈలోపు పైన ఇంకో పని చేసింది. వంటగది నుంచి గుప్పెడు మైదా తెచ్చి, గంట లోపల చల్లి, మెల్లగా ఊదింది. పిండి దాదాపు అంతా ఎగిరిపోయింది. అక్కడక్కడ మాత్రం కంటికి ఆననంత గాడిలో సన్నగా ఆగింది. ఒక చోట ఒక తోక. ఒక చోట అడ్డగీత. ఇంకోచోట సగం సున్నా. కిందికి దిగి వచ్చి పళ్ళేలు చూసింది. పెద్ద టీ తోక ఏ వంపు తిరిగిందో గంటలో పిండి అదే వంపు తిరిగి ఉంది. వెళ్ళి కెప్టెన్‌ని తీసుకొచ్చింది.

కెప్టెన్ పళ్ళేలు చూసింది. పైకి వెళ్ళి గంటలో చూసింది. మళ్ళీ కిందికి వచ్చి పళ్ళేలు చూసింది.

"చాలు. చెక్కండి" అంది. వెళ్ళబోతూ ఆగి, పళ్ళెం అంచున పాకం వేలితో తీసి నోట్లో పెట్టుకుంది.

ఆజ్ఞల గది అప్పటికే ఖాళీ చేస్తున్నారు. అక్కడ నిలువెత్తు గాజు పలకలుండేవి. నావికులు వాటి వెనక నిలబడి, ముందున్న అడ్మిరల్‌కి సరిగా కనిపించేలా అక్షరాలు తిరగేసి మైనపు పెన్సిలుతో రాసేవారు. ఎన్నో ఓడల దారులు అలా రాసి, అలా తుడిచారు. పెర్లా అక్కడి నుంచి ఒక పెన్సిలు అడిగి తెచ్చుకుంది. పళ్ళెంలో పేరు చూసి గంటలో మైనంతో గీసుకుంటూ, గీసిన దాని మీద ఉలితో నడుస్తూ పోయింది. వరస అంచు పొడుగునా పాకింది. తన పేరు చోటు వదిలేసి మిగతావి ముందు పూర్తి చేసింది. ఎండ వాలిపోయింది.

"నాన్నా."

"ఊఁ."

"నాది పళ్ళెంలో లేదు. రాయలేదేం?"

"అది గుర్తు తెచ్చుకోవలసిన పేరా?"

పెర్లా పెన్సిలు అతని చేతికిచ్చింది. "ఇక్కడ రాయి. నీ రాతలో కావాలి."

ఎపిఫానియో మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యి గంటలోకి వంచాడు. మైనం పాకంలా జారదు. అయినా ఎక్కడా తెగకుండా, ఒక్క ఊపులో రాశాడు. పెర్లా బుగారిన్. చెయ్యి తీసి, కాస్త వెనక్కి వాలి చూసుకున్నాడు.

"కోపం పోయిందా?"

"ఇంకా కాస్త ఉంది" అంది పెర్లా ఉలి ఆనిస్తూ. "ఎంత లోతు చెక్కను?"

"నాలాంటివాడు ఇంకొకడు పుట్టినా పోనంత."

గురువారం పొద్దున ఎండ బాగా కాసింది. నేషనల్ సిటీ సగం డెక్కు మీదే ఉంది. నూడుల్స్ పళ్ళేలు, వేపిన చేప, ఎపిఫానియో చేసిన మూడంతస్తుల కేకు. కేకు మీద ఒక్క ఆమిహాన్ పేరే కాదు, చుట్టూ అంచు పొడుగునా అన్ని పేర్లూ ఉన్నాయి. నడినెత్తిన చిన్నగా, అతను మొదటిసారి రాసిన ఒక పేరు. ఆన్నా లాయ్ థి ఖ్వే.

ఫాదర్ గంటలో నీళ్ళు పోశాడు. పేర్లు నీటి కింద కదిలాయి. ఎపిఫానియో మనవరాలిని రెండు చేతుల మీదా పట్టుకున్నాడు. తల మీద నీళ్ళు పడగానే పిల్ల ఏడవలేదు. తుమ్మింది.

"వాగుడుకాయ ఓడ, వెటకారం పిల్ల" అంది రెమెడియోస్.

"మాట్లాడనీ. చెప్పే ఓడ మీద పుట్టిన వంశం" అన్నాడు.

పెర్లా అప్పటికే తన పేరు కింద పిల్ల పేరు చెక్కి ఉంచింది. వచ్చినవాళ్ళందరూ వరసగా వంగి చూశారు. మంగలి రెండుసార్లు చూశాడు. చివరికి నీళ్ళు సముద్రంలో వంపేసి, గంటని నిలబెట్టి, నాలుక తగిలించారు. ఎపిఫానియో ఒక్కసారి మోగించాడు. లోపల అన్ని పేర్లతో గంట ఎప్పటిలాగే పలికింది.

జనం కేకు వైపు మళ్ళారు. డెల్ఫీన్ మాత్రం గంట దగ్గరే ఉంది. రేపు జెండా దిగే వేళకి మెరవాలి కదా. గుడ్డా పాలిషూ తీసింది. బయట తోమింది. తర్వాత అలవాటు చొప్పున తల వంచి, చెయ్యి లోపలికి పోనిచ్చింది.

ఎపిఫానియో ఆ మణికట్టు పట్టుకున్నాడు.

"బయటే."

"లోపల నీటి మచ్చలు పడతాయి చీఫ్. నల్లబడుతుంది."

"పడనీ" అన్నాడు. ఆమె చేతిలోంచి గుడ్డ తీసుకుని, మడిచి, జేబులో పెట్టుకున్నాడు.